మూడో పచ్చ

నిరుడు హాలియా సొసైటీ కాడ
పొద్దు పొడవక ముందే మూడు జతల చెప్పులు వరుసల పెట్టినం.
ఒకటి నాది, ఒకటి మట్టపల్లిది,
మూడోది సచ్చిపోయిన మా అత్తది.
ఆమె కాలం చేసి రెండేండ్లాయె,
యూరియా బస్తా కోసం ఆమె చెప్పులింకా నిలబడే ఉన్నయి.

తెచ్చినం. చల్లినం. మళ్ల తెచ్చినం.
పక్క మడి ఎంత నలుపెక్కితే
మాది దానికంటె పిసరంత ఎక్కువ నలుపెక్కాలె.
మా ఊళ్లె పచ్చదనమంటె పరువు.
తొవ్వన పోయేటోడు బండి ఆపి
"ఏమేసినవే సైదమ్మా, కాకి రెక్క లెక్కుంది" అంటే
ఆ రాత్రి బువ్వ రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

ఆ నలుపుల ఏముందో దోమకు తెలుసు.
మెత్తటి కాడ, తియ్యటి రసం.
పొట్టకొచ్చినంక మడి నడుమ
ఎవడో బీడీ ముట్టిచ్చి పారేసినట్టు
గుండ్రంగ ఒక మచ్చ. తెల్లారి ఇంకోటి.
మందు కొట్టినం. మందు మీద మందు.
ఆఖరికి ఒక్క గాలి,
తుఫాను గూడ గాదు, మామూలు గాలే,
మడంత అడ్డం పడ్డది
తాగినోడు సొంత వాకిట్లనే పడ్డట్టు.
తూర్పార పడితే తాలు మా మొఖాన్నే కొట్టింది.
కాంటా కాడ నేను ఎవ్వరి దిక్కు చూడలే.

ఈ యేడు ఏఈవో పిల్ల రుబీనా
మట్టి తీస్కపొయి కాయితం తెచ్చింది.
నాకు చదువు రాదు, ఆమెనే చెప్పింది:
"భాస్వరం పేరుకపోయింది, పొటాషు లేదు, జింకు లేదు.
నువ్వు చల్లిన యూరియాల సగం వరి తిననే లేదు,
నీళ్లల్ల పోయింది, గాలిల పోయింది.
ఒక్క ఉప్పుతోటే కూరొండుతవా అక్కా?"
కూర మాట చెప్తె నాకర్థమైతది.
ఇరవై ఏండ్ల సంది ఈ మడికి
ఉప్పు ముద్దలే కలిపి పెడుతున్న.

పోతూ పోతూ ఒక పట్టీ చేతుల పెట్టింది,
దాని మీద నాలుగు పచ్చలు.
నిమ్మతొక్క పచ్చ, చిలుక రెక్క పచ్చ, వేపాకు పచ్చ,
ఆ పైన, నిరుటి మా పాపం పచ్చ.
మూడోదానికంటె ఆకు పాలిపోతెనే చల్లాలె,
లేకుంటె సంచి మూతి విప్పొద్దు.

జీలుగ చల్లి, నడుమెత్తు పెరిగినంక దున్ని తొక్కిచ్చినం.
దేవరకొండ దిక్కు నుంచి గొర్ల మందొస్తే
మూడు రాత్రులు మడిల పండవెట్టిచ్చినం.
పది రోజులకోపాలి పొద్దుకు వీపు పెట్టి
నా నీడలనే ఆకును పట్టీ మీద ఆనిచ్చి చూసేదాన్ని,
బట్టల దుకాణంల జాకెట్టుకు రంగు కలిపినట్టు.

మట్టపల్లికి నిద్ర లేదు.
"మన మడికి కామెర్లొచ్చినట్టుంది,
ఊరంత పండ్లికిలిస్తున్నరు" అని ఒకటే పోరు.
ఒకనాడు పొద్దుగాల చూస్తె సంచి సగమే ఉంది.
వారం తిరగకముందే తొవ్వ పక్కన
పది అడుగుల మేర మడి కాకి రెక్కయ్యింది.
లోపలంత వేపాకు, అంచుకు మాత్రం నలుపు,
చినిగిన చీరెకు కొత్త జరి కుట్టినట్టు.
నేనేమీ అనలే. ఆయన కూడా నా దిక్కు చూడలే.

కార్తీకంల గాలి మళ్ల అదే గాలి.
పడ్డది ఆ జరి అంచొక్కటే.

ఆ రాత్రి పళ్లెం పక్కన రెండు కంకులు పెట్టిన,
పడ్డదొకటి, నిలబడ్డదొకటి.
రెండరచేతుల్ల రెండు నలిచి ఊదిండు.
ఒక చేతిల గింజలు మిగిలినయి.
ఇంకో చేతిని చానాసేపు చూసిండు,
పళ్లెంలనే చెయ్యి కడుక్కొని లేసిండు.

దిగుబడంటరా, నాలుగు బస్తాలే ఎక్కువ,
గొప్పలు చెప్ప.
మందుల దుకాణం బాకీ చీటీ మాత్రం
ఈసారి మడతల్లేకుంట జేబుల పట్టింది.

మొన్న యాసంగికి సొసైటీకి బయలెల్లుతుంటే
మట్టపల్లే అత్త చెప్పులు తీసి
దుమ్ము దులిపి చూరుల చెక్కిండు.
"ముసల్దాన్ని ఇగనన్న పండనియ్యి" అన్నడు.